పాత కంప్యూటర్‌కి కొత్త వైఫై కార్డు – మార్చడం ఎలా?

(సైన్సు శీర్షిక – రాసినది: 9వ తరగతి విద్యార్థిని)



"ఈ కంప్యూటర్‌లో నెట్ రాదు, ఇది పాతది" అనే మాట మనం చాలాసార్లు విన్నాం. అలా అన్న తర్వాత దాని మీద గుడ్డ కప్పేస్తారు. కొన్నాళ్లకి అది కండెం లిస్టులోకి ఎక్కుతుంది. కానీ కంప్యూటర్ మొత్తం పాడైందా, అందులో ఒక చిన్న ముక్క మాత్రమే పాతబడిందా అని ఎవరూ చూడరు. ఒక కంప్యూటర్ మూలన పడితే మిగతా వాటి దగ్గర ఇద్దరం కూర్చునే చోట ముగ్గురం కూర్చోవాలి. మూడో అమ్మాయి చేతికి మౌస్ రాదు, చూడటమే అవుతుంది. అందుకే ఈసారి వైఫై కార్డు గురించి రాస్తున్నాను.

వైఫై కార్డు అంటే ఏమిటి?

రౌటర్ డబ్బా నుంచి రేడియో తరంగాలు వస్తాయి. వాటిని అందుకుని కంప్యూటర్‌కి అర్థమయ్యేలా మార్చేది వైఫై కార్డు. కంప్యూటర్ చెప్పేది మళ్లీ రౌటర్‌కి పంపేది కూడా అదే. అంటే అది చెవీ, నోరూ రెండూ అన్నమాట. దానికి తగిలించే తీగని యాంటెన్నా అంటారు. ఇంగ్లీషులో పురుగుల మీసాలకి కూడా అదే పేరు. బొద్దింక మీసాలతో దారి తెలుసుకున్నట్టు కార్డు యాంటెన్నాతో రౌటర్‌ని తెలుసుకుంటుంది.

చాలా కార్డుల్లో బ్లూటూత్ కూడా కలిసే ఉంటుంది. బ్లూటూత్ ఒకే దారిలో నిలబడకుండా సెకనుకి 1600 సార్లు దారి మార్చుకుంటూ మాట్లాడుతుంది. ఇలా దూకుతూ మాట్లాడే ఒక పద్ధతికి 1942లో అమెరికాలో పేటెంట్ తీసుకున్న ఇద్దరిలో ఒకరు హెడీ లమార్ అనే సినిమా నటి. రెండో ఆయన జార్జ్ ఆంథైల్, సంగీతం రాసేవాడు. రేడియో పని మగవాళ్లదే అనుకునేవాళ్లకి ఈ సంగతి చెప్పండి.

రెండు రకాల తరంగాలు

మన ఇళ్లలో, బడుల్లో ఉండే వైఫై ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు దారుల్లో నడుస్తుంది. పండక్కి ఊర్లో డోలు కొడితే అవతలి కొండ మీద ఊరికి కూడా వినిపిస్తుంది. కాళ్ల గజ్జెల చప్పుడు పక్కన ఉన్నవాళ్లకే వినిపిస్తుంది. 2.4 డోలు లాంటిది. దూరం పోతుంది, గోడలు కూడా బాగానే దాటుతుంది, కానీ వేగం తక్కువ. 5 గజ్జెల లాంటిది. దగ్గరలోనే బాగుంటుంది, కానీ వేగం ఎక్కువ. పాత కార్డులు చాలావాటికి 2.4 ఒక్కటే తెలుసు.

కార్డుల తరాలు

మనుషుల్లో తాత, తండ్రి, కొడుకు ఉన్నట్టు వైఫైలో కూడా తరాలు ఉన్నాయి. అన్నిటికీ ఇంటిపేరు 802.11. చివర అక్షరం మారుతుంది.

1999 – బి రకం. సెకనుకి 11 మెగాబిట్లు.
2003 – జి రకం. 54 మెగాబిట్లు.
2009 – ఎన్ రకం. ఒక్క యాంటెన్నాతో 150 వరకు. దీన్నే వైఫై 4 అంటారు.
2013 – ఏసీ రకం. మామూలుగా ఒక్క యాంటెన్నాతో 433 వరకు. ఇది వైఫై 5.
2021 – ఏఎక్స్ రకం. ఇది వైఫై 6. దీని సరుకు 2019 నుంచే బజారులో ఉంది.

ఒక లెక్క చేద్దాం. ఒక వీడియో పాఠం 100 మెగాబైట్లు అనుకోండి. ఒక బైటుకి 8 బిట్లు, కాబట్టి అది 800 మెగాబిట్లు. బి రకానికి 800ని 11తో భాగిస్తే సుమారు 73 సెకన్లు. జి రకానికి సుమారు 15 సెకన్లు. ఏసీ రకానికి 2 సెకన్లు కూడా పట్టదు. ఇవి కాగితం మీద లెక్కలు. నిజంగా వచ్చేది ఇంచుమించు సగం వేగమే.

ముందు రోగం ఏమిటో తెలుసుకోవాలి

కొండ మీద ఊట నుంచి ఊర్లోకి గొట్టం వేశారనుకోండి. ఊటలో నీళ్లే తక్కువైతే ఇంటి ముందు కుళాయి మార్చి ఏం లాభం? అలాగే బడికి వచ్చే నెట్ లైనే 10 మెగాబిట్లది అయితే ఎంత గొప్ప కార్డు పెట్టినా 10 దాటదు. అందుకని డబ్బు ఖర్చు పెట్టే ముందు రెండు పరీక్షలు చెయ్యాలి.

మొదటి పరీక్ష: కంప్యూటర్ పక్కనే సార్ ఫోన్ పెట్టి, అదే వైఫైలో ఒకే పేజీ రెండిట్లో తెరవాలి. రెండూ నెమ్మది అయితే లోపం లైన్‌లోనో రౌటర్‌లోనో ఉంది. ఫోన్ జోరుగా ఉండి కంప్యూటర్ నెమ్మది అయితే లోపం కంప్యూటర్‌లో ఉంది.

రెండో పరీక్ష: పెన్‌డ్రైవ్ లాగా గుచ్చే యూఎస్‌బీ వైఫై కార్డు ఎవరిదైనా తెచ్చి పెట్టి చూడాలి. దానితో బాగా వస్తే లోపల కార్డుదే తప్పు. దానితో కూడా రాకపోతే కంప్యూటర్‌లో వేరే లోపం ఉందని అర్థం.

మన కంప్యూటర్ గదిలో కిటికీ పక్కన ఉన్న డెస్క్‌టాప్‌కి పోయిన నెల సార్ ఇలాగే చేశారు. ఫోన్‌లో పాఠం ఆగకుండా నడిచింది, కంప్యూటర్‌లో ఆగి ఆగి నడిచింది. యూఎస్‌బీ కార్డు పెట్టగానే సరిగా నడిచింది. లోపల చూస్తే జి రకం కార్డు ఉంది. సార్ కార్డు మారుస్తుంటే నేను టార్చి పట్టుకుని ఒక్కో పని నోటుబుక్కులో రాసుకున్నాను. ఇప్పుడు దాని మీద గుడ్డ లేదు, ఇద్దరు అమ్మాయిలు కూర్చుంటున్నారు.

ఏ కార్డు కొనాలి?

విండోస్ మీటా, ఎక్స్ అక్షరం కలిపి నొక్కి డివైస్ మేనేజర్ తెరవాలి. అందులో నెట్‌వర్క్ అడాప్టర్స్ అనే చోట ఇప్పుడున్న కార్డు పేరు ఉంటుంది. దాన్ని రాసుకోవాలి. తర్వాత మూత తీసి కార్డు ఆకారం చూడాలి.

డెస్క్‌టాప్‌లో మదర్‌బోర్డు మీద పీసీఐ ఎక్స్‌ప్రెస్ అనే చిన్న గాడి ఉంటే అందులో పట్టే కార్డు తెచ్చుకోవచ్చు. పాత ల్యాప్‌టాప్‌లలో మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు ఉంటుంది, దాని వెడల్పు 30 మిల్లీమీటర్లు. తర్వాత వచ్చిన వాటిలో ఎం.2 కార్డు, వెడల్పు 22, పొడవు 30 మిల్లీమీటర్లు. మన జామెట్రీ బాక్సులో స్కేలుతోనే కొలవచ్చు. ఒకదాని గాడిలో ఇంకొకటి పట్టదు.

చూడటానికి ఒకేలా ఉన్నా ఒకేలా పనిచెయ్యని కార్డులు కూడా ఉన్నాయి. ఇంటెల్ ఏఎక్స్200, ఏఎక్స్201 కవల పిల్లల్లా ఉంటాయి. కానీ 201 దానికి తగ్గట్టు తయారైన ఇంటెల్ కంప్యూటర్లలోనే నడుస్తుంది. ఏఎక్స్200కి 64 బిట్ విండోస్ 10 గానీ దాని తర్వాతది గానీ, లేదా కొత్త లినక్స్ గానీ కావాలి. కొన్ని పాత ల్యాప్‌టాప్‌లు కంపెనీ ఒప్పుకున్న కార్డులు తప్ప వేరేవి పెడితే మొదలే కావు. ఇవన్నీ కొనక ముందే అడిగి తెలుసుకోవాలి.

మార్చే విధానం

1. కొత్త కార్డు డ్రైవర్‌ని ముందే పెన్‌డ్రైవ్‌లో దింపి ఉంచుకోవాలి. పాత కార్డు తీశాక నెట్ ఉండదు కదా, అప్పుడు ఎక్కడి నుంచి దింపుతాం?

2. కంప్యూటర్ పూర్తిగా ఆపి ప్లగ్ పీకెయ్యాలి. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ తియ్యాలి, లోపలిది అయితే దాని తీగ ఊడదియ్యాలి. తర్వాత పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి ఉంచాలి.

3. దువ్వెనని తలకి రుద్దితే కాగితం ముక్కలు అంటుకుంటాయి కదా, ఆ స్థిర విద్యుత్తు మన ఒంట్లో కూడా ఉంటుంది. అది చిన్న చిప్పులను కాల్చెయ్యగలదు. కార్డు పట్టుకునే ముందు ఇనప కేబినెట్‌ని తాకాలి. కార్డుని అంచుల దగ్గరే పట్టుకోవాలి.

4. విప్పిన స్క్రూలు కాగితం మీద వరసగా పెట్టి, ఏది ఎక్కడిదో పక్కన రాసుకోవాలి.

5. ల్యాప్‌టాప్ కార్డు మీద రెండు సన్నని తీగలు గుండీల్లా నొక్కి ఉంటాయి. ఏ రంగు ఎటుందో బొమ్మ గీసుకున్నాక, వాటిని నిటారుగా పైకి లేపాలి, పక్కకి లాగకూడదు. ఒక స్క్రూ తీస్తే కార్డు తనే కొంచెం పైకి లేస్తుంది. మెల్లిగా బయటికి లాగాలి.

6. కొత్త కార్డుని గాడిలో ఉన్న గంటుకి సరిపెట్టి ఏటవాలుగా దోపి, కిందకి నొక్కి స్క్రూ బిగించాలి. తీగలను సరిగ్గా పైన ఆనించి టిక్కుమనేదాకా నొక్కాలి. పట్టకపోతే బలం ఉపయోగించకూడదు, మళ్లీ చూసుకోవాలి.

7. డెస్క్‌టాప్‌లో అయితే కార్డుని గాడిలో నిటారుగా నొక్కి, వెనక రేకుకి స్క్రూ వేసి, బయట యాంటెన్నాలు బిగించాలి. యాంటెన్నా ఇనప బీరువా వెనక పడకుండా చూడాలి. ఇనుము తరంగాలకి అడ్డం. కార్డులో బ్లూటూత్ కూడా ఉంటే దాని కోసం చాలావాటిలో ఇంకొక చిన్న తీగని మదర్‌బోర్డు మీద యూఎస్‌బీ పిన్నులకి తగిలించాలి.

8. మూత వేసి, ఆన్ చేసి, డ్రైవర్ ఎక్కించాలి. మళ్లీ మొదటి పరీక్ష చేసి తేడా చూడాలి.

జాగ్రత్త! సార్ లేకుండా ఎవరూ కంప్యూటర్ విప్పకూడదు. తీగలు వచ్చే ఎస్ఎంపీఎస్ డబ్బా మూత మాత్రం ఎవరున్నా తియ్యకూడదు. ప్లగ్ పీకాక కూడా అందులో షాక్ కొట్టేంత కరెంటు నిలవ ఉండొచ్చు.

విప్పడం వీలుకాకపోతే?

యూఎస్‌బీ కార్డు కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది, స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. రౌటర్ ఉన్న గదిలోనే కంప్యూటర్ ఉంటే అన్నిటికన్నా మంచిది లాన్ తీగ. అది 100 మీటర్ల దాకా బాగా పనిచేస్తుంది, వానొచ్చినా గోడొచ్చినా దానికి లెక్కలేదు.

తీసిన పాత కార్డుని కొత్తది పనిచేసేదాకా దాచి, తర్వాత స్టాక్ రిజిస్టరులో రాసి అప్పజెప్పాలి. చెత్తలో వేసి కాల్చకూడదు, ఆ పొగ విషం. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం ఇలాంటివి రిజిస్టరు అయిన రీసైక్లింగ్ వాళ్లకే పోవాలి.

వార్డెన్ మేడం గారికి ఒక మనవి. ఏ కంప్యూటర్‌నైనా కండెం లిస్టులో రాసే ముందు పైన చెప్పిన రెండు పరీక్షలు చేయించండి. చేసేటప్పుడు మా తరగతి నుంచి ఇద్దర్ని, 8వ తరగతి నుంచి ఇద్దర్ని దగ్గర నిలబడనివ్వండి. చూసినవాళ్లు ఇంకొకళ్లకి చెబుతారు.

మీకు ప్రశ్నలు (జవాబులు చీటీ మీద రాసి గోడపత్రిక డబ్బాలో వెయ్యండి):

1. 270 మెగాబైట్ల ఫైలు జి రకం కార్డుతో కాగితం లెక్కలో ఎన్ని సెకన్లలో వస్తుంది?
2. ఫోన్, కంప్యూటర్ రెండూ నెమ్మదిగా ఉంటే కార్డు మార్చాలా, వద్దా? ఎందుకు?
3. డ్రైవర్‌ని ముందే ఎందుకు దింపుకోవాలి?

జవాబులు వచ్చే సంచికలో.