పొయ్యి మంట అదుపు తప్పితే?

ప్రశ్న: మాది భీమునిపట్నం, సముద్రపు ఒడ్డునే ఇల్లు. వేణ్ణీళ్లకీ, చేపల పులుసుకీ పెరట్లో కట్టెల పొయ్యే వాడతాం. పైన తాటాకు పంచ. మధ్యాహ్నం గాలి రేగితే మంట కుండ దాటి లేస్తోంది. నీళ్లు పోసి ఆర్పేయొచ్చా?
– ఒక గృహిణి

జవాబు: పొయ్యిలో నీళ్లు గుమ్మరించకండమ్మా. మట్టిపొయ్యి బీటలిస్తుంది. బుస్సున లేచే ఆవిరి, వేడి బూడిద మొహాన కొడతాయి. ముందు కట్టెలు ఒక్కొక్కటే వెనక్కి లాగి, మండే కొసలు ఇసుకలో గుచ్చండి. మీకు ఇసుకకి కొదవా! పొయ్యి నోటికి రేకు అడ్డం పెట్టి, నిప్పుల మీద బూడిద కప్పండి. గాలి అందకపోతే మంట తగ్గుతుంది. మూకుట్లో నూనె అంటుకుంటే మాత్రం మూత పెట్టేయడమే.

పగలు నేల సముద్రం కంటే త్వరగా వేడెక్కుతుంది. అందుకే మధ్యాహ్నానికి గాలి కడలి నుంచి ఒడ్డుకి తిరుగుతుంది. మీకు సముద్రం తూర్పున కాబట్టి పొయ్యి నోరు అటు ఉంటే గాలి సూటిగా దూరుతుంది. నోరు పక్కకి తిప్పండి, లేదా తూర్పున అడ్డుగోడ కట్టండి. తాటాకు కింద మాత్రం పొయ్యి వద్దే వద్దు. సరుగుడు కట్టె సెగ ఎక్కువ, రెండు మూడు పుల్లలు చాలు. ఎండు కొబ్బరిమట్టలు భగ్గుమంటాయి, దూరంగా పేర్చండి.

చెయ్యి కాలితే 20 నిమిషాలు కుళాయి కింద పెట్టండి. పసుపు, టూత్‌పేస్టు రాయకండి. పంచ అంటుకుంటే సామాను కోసం చూడక అందరూ బయటికొచ్చి 101కి ఫోన్ చేయండి.