ఆపరేషన్ అయ్యాక ఆరు వారాలు

మా మణుగూరు వాడల్లో రొమ్ముకు ఆపరేషన్ అయిన ఆడవాళ్లు చాలామందే ఉన్నారు. గడ్డ మాత్రమే తీయించుకున్నవాళ్లు, క్యాన్సర్ వచ్చి రొమ్ము మొత్తం తీయించుకున్నవాళ్లు, తీసిన చోట సిలికాన్ పెట్టించుకున్నవాళ్లు, ఏ జబ్బూ లేకపోయినా ఆకారం కోసం పెట్టించుకున్నవాళ్లు. కారణం ఏదైనా కోత కోతే. థియేటర్లో డాక్టర్లు పడే కష్టం కొన్ని గంటలు. పుండు మానేది మాత్రం ఇంట్లో, వారాల తరబడి. నర్సుగా పనిచేసి రిటైరైనదాన్ని. ఇప్పటికీ డిశ్చార్జి కాగితం పట్టుకుని “సిస్టరమ్మా, ఇందులో ఏం రాశారు?” అంటూ వచ్చేవాళ్లున్నారు. వాళ్లకు చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను. మీ సర్జన్ వేరేగా చెబితే మాత్రం ఆయన మాటే వినండి.

1. ఇంటికి ఎలా వచ్చేదీ ముందే అనుకోవాలి

హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె., బసవతారకం లాంటి క్యాన్సర్ ఆసుపత్రుల్లో ఆపరేషన్ అయినవాళ్లకు రైలే నయం. రాత్రి సికింద్రాబాద్‌లో మణుగూరు రైలు ఎక్కితే తెల్లారేసరికి ఊళ్లో ఉంటారు. కింది బెర్తు అడిగి తీసుకోండి. పై బెర్తు ఎక్కాలంటే చేతుల మీద బరువు మోపాలి, అది కూడదు. కారులో వస్తే సారపాక, అశ్వాపురం దారిలో లారీల మధ్య ప్రతి కుదుపూ కుట్లకు తెలుస్తుంది. చంక కింద చిన్న దిండు పెట్టుకుని, బెల్టుకూ ఛాతీకీ మధ్య తువ్వాలు మడిచి ఉంచుకోండి. సంచులు వెంట వచ్చినవాళ్లే మోయాలి.

2. డ్రెయిన్ డబ్బాను చూసి భయపడొద్దు

రొమ్ము తీసినా, చంకలో లింఫ్ గడ్డలు తీసినా లోపల ఊరే నీరు బయటికి రావడానికి సన్నని గొట్టం, దాని చివర డబ్బా పెట్టి పంపిస్తారు. ఇంట్లో అందరూ దూరం జరిగేది దాన్ని చూసే. మొదట ఎర్రగా వస్తుంది, తర్వాత గులాబీ రంగుకు తిరుగుతుంది, చివరికి లేత పసుపు నీరవుతుంది. అది మానుతున్న వరస. రోజూ ఒకే వేళకు, చేతులు సబ్బుతో కడుక్కుని, నీరు కొలిచి, గోడ మీది క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలోనే ఎన్ని మిల్లీలీటర్లో రాయండి. పారబోశాక డబ్బాను గట్టిగా నొక్కి, గాలి పోయాకే మూత పెట్టాలి. నొక్కకుండా మూస్తే అది నీటిని లాగదు. సాధారణంగా 24 గంటల్లో 30 మిల్లీలీటర్ల కంటే తక్కువ వస్తూ, రెండు రోజులు అలాగే ఉంటే గొట్టం తీసేస్తారు. క్యాలెండర్ కాగితం డాక్టరుకు చూపిస్తే ఆయన పని సులువవుతుంది.

డబ్బా వేలాడితే కుట్టు లాగుతుంది. పాత లుంగీ గుడ్డతో చిన్న సంచి కుట్టి, మెడలోనో నడుముకో కట్టుకుంటే ఆ బాధ ఉండదు. ఇంకొకటి, ఎవరూ అడగరు గానీ అందరికీ ఉండే ఇబ్బంది: పుస్తెలతాడు సరిగ్గా కుట్ల మీదికే వస్తుంది. పసుపుతాడైతే చెమటకు తడిసి, ఆ తడి కోతకు అంటుతుంది. తీయడం మనసొప్పకపోతే సూత్రాలు వీపు వైపుకు తిప్పుకోండి, లేదా రెండో వైపు భుజం మీద జాకెట్టుకు పిన్నీసు పెట్టుకోండి. కుట్ల మీద మాత్రం పసుపు, ఆకు పసరు, కొబ్బరినూనె ఏదీ రాయొద్దు. మన ఎండలకు చెమట పట్టి గాయం నానుతుంది కాబట్టి ఫ్యాను కింద ఉండండి, ముందు హుక్కులున్న వదులు నూలు జాకెట్టు వేసుకోండి. తల మీంచి తొడుక్కునే బట్టలు ఆ నెలకు పక్కన పెట్టండి.

3. పథ్యం పేరుతో కడుపు మాడ్చొద్దు

నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే. “పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు వేడి, వంకాయ దురద, మాంసం వద్దు” అంటూ కోత పడిన మనిషికి కారప్పొడి అన్నం, చారు పెడతారు. కొత్త చర్మం కట్టాలంటే ఒంటికి కావలసింది మాంసకృత్తులే. పప్పు, గుడ్డు, గోదారి చేప, మాంసం, పెరుగు, శనగలు, వీటిలో ఇంట్లో ఉన్నవన్నీ పెట్టండి. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల, కంట్రోల్ కాని షుగర్ వల్ల. పప్పుకు అందులో పాపం లేదు. షుగర్ ఉన్నవాళ్లు ఆ వారాల్లో దాన్ని గట్టిగా అదుపులో పెట్టుకోవాలి. కొన్ని నొప్పి మాత్రలతో మలబద్ధకం వస్తుంది, ముక్కితే ఛాతీకి నొప్పి. ఆకుకూర, జామకాయ, నీళ్లు బాగా తీసుకోండి.

చుట్ట, బీడీ తాగే అలవాటుంటే ఆపరేషన్‌కు ముందే ఆపాలి. పొగాకుతో చిన్న రక్తనాళాలు ముడుచుకుపోతాయి, కుట్ల అంచున చర్మం నల్లబడి చచ్చిపోవచ్చు. సిలికాన్ పెట్టిన చోట అలా జరిగితే లోపలిది తీసేయాల్సి రావచ్చు.

4. చెయ్యి కట్టేసుకుని కూర్చోవద్దు

నొప్పికి భయపడి చేతిని ఒంటికి అదిమిపెట్టుకుంటే నెల తిరిగేసరికి భుజం బిగుసుకుంటుంది. మొదటి రోజుల్లోనే పిడికిలి మూసి తెరవడం, మోచేయి వంచడం, మెల్లగా తల దువ్వుకోవడం మొదలుపెట్టాలి. భుజం ఎత్తు దాటి లేపడం మాత్రం డ్రెయిన్ తీశాక, డాక్టరు సరే అన్నాకే. అప్పుడు గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో గోడ పైకి పాకించండి. ఎంతవరకు వెళ్లిందో అక్కడ బొగ్గుతో గీత పెట్టండి, మరునాడు దానికి కాస్త పైన. గనులున్న మన ఊళ్లో బొగ్గుకేం కరువు! రేడియేషన్ అవసరమైనవాళ్లు మిషన్ కింద చెయ్యి తల పైకి పెట్టుకుని కదలకుండా పడుకోవాలి. చెయ్యి లేవకపోతే ఆ వైద్యమే ఆలస్యమవుతుంది.

చంకలో గడ్డలు తీసినవాళ్లకు ఆ వైపు చెయ్యి వాచే ప్రమాదం ఏళ్ల తరబడి ఉంటుంది. ఆ వాపు సంగతి మొదట చెప్పేవి గాజులే. నిన్న జారిన గాజు ఇవాళ బిగుసుకుంటే, ఉంగరం తిరగకపోతే వెంటనే చూపించుకోండి. బీపీ, సూది రెండో చేతికే వేయించుకోండి. కోలుకున్నాక మిరప కోతలకో, తునికాకుకో వెళ్లేవాళ్లు ఆ చేతికి నిండు చేతుల చొక్కా, గ్లౌజు వేసుకోవాలి. ముల్లు గుచ్చుకున్నా సబ్బుతో కడగండి. ఎర్రబడి వేడెక్కితే తెల్లారేదాకా ఆగొద్దు.

5. ఏది మామూలు, ఏది కాదు

చంక, చేతి లోపలి వైపు మొద్దుబారడం, అప్పుడప్పుడు కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం, తీసేసిన చోట దురద పుట్టడం మామూలే. డ్రెయిన్ తీశాక చర్మం కింద నీరు చేరడం కూడా తరచూ చూసేదే. ఎక్కువైతే డాక్టరు సూదితో తీస్తారు. ఇంట్లో పిండకండి, కాపడం పెట్టకండి, మొద్దుబారిన చర్మానికి కాలినా తెలియదు.

100.4 డిగ్రీలకు మించిన జ్వరం, వ్యాపిస్తున్న ఎరుపు, చెడు వాసన, ఒక్క వైపే ఉన్నట్టుండి వాపు, పిక్కలో నొప్పి, ఆయాసం: వీటిలో ఏది కనిపించినా హైదరాబాద్ రమ్మన్న తేదీ దాకా కూర్చోవద్దు. దగ్గర్లో ఉన్న సింగరేణి ఆసుపత్రికో భద్రాచలం ఏరియా ఆసుపత్రికో డిశ్చార్జి కాగితంతో వెళ్లండి. ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని రోజులు గడపొద్దు.

6. సిలికాన్ పెట్టించుకున్నవాళ్లకు

అందం కోసం పెట్టించుకుందని ఎవరినీ చులకన చేయకండి. ఆ నొప్పీ నొప్పే. సిలికాన్ ఇంప్లాంట్ మొదటిసారి పెట్టింది 1962లో, అమెరికాలోని హ్యూస్టన్‌లో. ఇప్పుడు మన హైదరాబాద్‌లోనూ పెడుతున్నారు. కండరం కింద పెడితే మొదటి వారాల్లో ఛాతీ బిగించి కట్టినట్టుంటుంది. మొదట్లో రొమ్ము పైకి ఎక్కి, గట్టిగా, రెండు వైపులా తేడాగా కనిపిస్తుంది. వాపు దిగి సర్దుకోవడానికి నెలలు పడుతుంది, అప్పుడే అద్దం ముందు తీర్పులు వద్దు. తలవైపు ఎత్తు పెట్టుకుని వెల్లకిలా పడుకోండి. తీగలేని బ్రా వేసుకోండి. మసాజ్ సర్జన్ చెబితేనే.

అది జీవితాంతం ఉండే వస్తువు కాదని ముందే తెలుసుకోవాలి. చుట్టూ ఒళ్లు కట్టుకునే పొర కొందరికి బిగుసుకుని రొమ్ము రాయిలా అవుతుంది. కంపెనీ, సైజు, సీరియల్ నంబరు ఉన్న కార్డు అడిగి తీసుకుని ఆధార్‌తో పాటు దాచుకోండి. 2019లో అలెర్గాన్ కంపెనీ గరుకు పైపొర ఉన్న బయోసెల్ రకాలను ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది, వాటివల్ల అరుదైన లింఫోమా వస్తోందని తేలాక. తనకు పెట్టింది ఏ రకమో కార్డు ఉన్న మనిషే చెప్పగలిగింది.

7. రొమ్ము లేని వైపు

మొదటిసారి కట్టు విప్పి చూసుకునేటప్పుడు ఇష్టమైన మనిషి పక్కన ఉండాలి. ఏడుపొస్తే ఏడవనివ్వండి. పుండు మానేదాకా మెత్తటి నూలు గుడ్డలో దూది పెట్టి కుట్టినది జాకెట్టులో పెట్టుకోవచ్చు. జాకెట్టులో పెట్టుకునే బరువైన సిలికాన్ రొమ్ము ఆరేడు వారాల తర్వాత, డాక్టరును అడిగి. ఏదీ పెట్టుకోకుండా పైట సర్దుకుని తిరిగినా తప్పేం లేదు.

8. కుట్లు మానాయని వైద్యం ఆపొద్దు

తీసిన గడ్డ పరీక్ష రిపోర్టు వచ్చాకే అసలు లెక్క తేలుతుంది. కీమో, రేడియేషన్, ఏళ్ల తరబడి మాత్రలు, ఎవరికి ఏది కావాలో ఆ రిపోర్టే చెబుతుంది. “ఒంట్లో బాగానే ఉంది కదా” అని ఆగిపోయినవాళ్లను చూసి బాధపడ్డాను. డబ్బు గురించి భయమైతే ఆరోగ్యశ్రీ ఉంది. 2007లో మొదలైన ఆ పథకం పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. రిపోర్టులన్నీ ఒకే ఫైల్లో పెట్టి ఫైలు వెంట తీసుకెళ్లండి.

9. మగవాళ్లకు, అత్తలకు

ఆపరేషన్ అయిన మనిషి నెల నుంచి నెలన్నర దాకా రెండు మూడు కిలోలు మించి ఎత్తకూడదు. నిండు బిందె అంతకు ఎన్నో రెట్లు. గ్యాసు బండ, బియ్యం బస్తా, తడి దుప్పటి పిండడం, చంటిపిల్లాణ్ణి చంకనెత్తుకోవడం అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. ఆమె అడగదు. లేచి తిరుగుతోంది కదా అని మీరూ గమనించరు. ఫస్టు షిఫ్టుకు పోయే భర్త వెళ్లేముందే నీళ్లు పట్టి పెట్టొచ్చు. పెద్ద పిల్లలు అంట్లు తోమొచ్చు, మగపిల్లలైనా సరే. మీ భార్యో, వదినో, కోడలో ఈ నెలలో ఆపరేషన్ చేయించుకుని వస్తుంటే, ఆమె ఇల్లు చేరకముందే అందరూ కూర్చుని నీళ్లెవరు, వంటెవరు, పిల్లలెవరు అని మాట్లాడి పెట్టుకోండి.