టీకాల రూపకల్పనలో కంప్యూటర్

వ్యాధి వచ్చిన పిదప వైద్యం చేయించుకోవడం కంటే అది రాకుండా కాచుకోవడం మేలు. అందుకు మానవ మేధస్సు సమకూర్చిన ఉత్తమ సాధనం టీకా. ఇరవయ్యవ శతాబ్దిలో అధికభాగం వైరస్ వ్యాధుల టీకాలకు అనుసరించిన మార్గం వైరస్‌ను బలహీనపరచి గాని, చంపి గాని శరీరానికి పరిచయం చేయడమే. పోలియో, తట్టు వంటి వ్యాధుల విషయంలో అది ఘన విజయం సాధించింది. కాని అన్నివేళలా ఫలించలేదు.

పసిపిల్లల ఊపిరితిత్తులకు సోకే ఆర్.ఎస్.వి. అనే వైరస్ ఒకటి ఉన్నది. ఫార్మలిన్‌తో చంపిన ఈ వైరస్‌ను 1966లో అమెరికాలో కొందరు శిశువులకు టీకాగా ఇచ్చారు. తరువాత అసలు వైరస్ సోకినప్పుడు, ఒక పరిశీలనలో, టీకా పొందినవారిలో 80 శాతం మంది ఆసుపత్రి పాలయ్యారు. ఆ టీకా పొందనివారిలో 5 శాతమే. ఇద్దరు పసివారు మరణించారు. కాపాడవలసిన టీకాయే కీడు చేసింది.

దీని ముఖ్య కారణాలలో ఒకటి దశాబ్దాల తరువాత గాని బోధపడలేదు. ఈ వైరస్ ఉపరితలంపై ఎఫ్ అనే ప్రోటీన్ ఉంటుంది. జీవకణంలో ప్రవేశించక ముందు అది మొగ్గ వలె ముడుచుకొని ఉండి, ప్రవేశించేటప్పుడు విచ్చుకుంటుంది. విచ్చిన పువ్వు తిరిగి మొగ్గ కాదు గదా! మిక్కిలి శక్తిమంతమైన ప్రతిరక్షకాలు గుర్తించేది మొగ్గ రూపాన్నే. చంపిన వైరస్‌లో ప్రోటీన్ అప్పటికే విచ్చుకొని ఉన్నది.

2013లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలో జేసన్ మెక్‌లెల్లన్, బార్నీ గ్రాహం, పీటర్ క్వాంగ్ మొదలైనవారు ఆ మొగ్గ రూపాన్ని పరమాణు స్థాయిలో దర్శించి, నాలుగు అమైనో ఆమ్లాలను మార్చారు. రెండు మార్పులు కుట్టు వలె భాగాలను కలిపి పట్టుకున్నాయి. తక్కిన రెండు లోపలి ఖాళీలను పూరించాయి. మొగ్గ మొగ్గగానే నిలిచింది. ఈ సూత్రంపై తయారైన టీకాలకు 2023లో అమెరికా అనుమతి లభించింది. వాటిలో ఒకటి గర్భిణులకు ఇస్తే పుట్టబోయే బిడ్డకు రక్షణ కలుగుతుంది.

ఇక్కడ ఉన్న ప్రోటీన్‌ను సవరించారు. లేని ప్రోటీన్‌ను సృష్టించాలంటే? నూరు అమైనో ఆమ్లాల గొలుసులో ఒక్కొక్క స్థానానికి 20 రకాలు పోటీపడతాయి. మొత్తం కూర్పులను లెక్కించాలంటే 1 తరువాత 130 సున్నాలు వ్రాయాలి! పొసగనివాటిని తోసిపుచ్చి, నిలకడ గలవాటిని ఏరడమే కంప్యూటర్ పని. ప్రోటీన్ గొలుసు ఏ కోణాలలో మలుపు తిరగగలదో 1963లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్ బృందం గణించి చూపిన పటం నేటికీ ఈ రంగంలో గీటురాయి.

సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ బేకర్, నీల్ కింగ్ ప్రభృతులు రొజెట్టా అనే ప్రోగ్రాము సాయంతో, 120 ప్రోటీన్ భాగాలు తమంత తామే కూడుకొని ఏర్పడే సూక్ష్మ గోళాన్ని రూపొందించారు. దానిపై కోవిడ్ వైరస్ ముల్లులోని కీలక భాగాన్ని 60 చోట్ల నిలిపిన స్కైకోవియోన్ టీకాకు 2022లో దక్షిణ కొరియా అనుమతినిచ్చింది. 2024 రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో సగభాగం బేకర్‌కు దక్కింది.

అయినను కంప్యూటర్ దారి చూపగలదే గాని తీర్పు చెప్పలేదు. ప్రయోగశాలలోను, మానవులపై క్రమబద్ధమైన పరీక్షలలోను నెగ్గిన తరువాతనే ఏ టీకా అయినా బిడ్డ చేతికి చేరాలి. 1966 నాటి విషాదం నేర్పిన పాఠమిదే. కనుక విద్యార్థి మిత్రులారా, జీవశాస్త్రం చదివేవారు గణితాన్ని, గణితం చదివేవారు జీవశాస్త్రాన్ని పరాయిదిగా ఎంచవద్దు. రేపటి టీకా ఆ రెండింటి సంగమంలోనే ఉన్నది.