అలీ తెచ్చిన పక్షులు

బుకిట్ పంజాంగ్‌లో తెల్లవారకముందే మనలను నిద్రలేపేది కోయిల. దాని కూతకు మురిసిపోయేవారున్నారు, విసుగుకొని కిటికీలు మూసేవారూ ఉన్నారు. ఏ పక్షి ఏ దేశంలో ఉంటుందో, ఎక్కడ ఉండదో నేడు పుస్తకం తెరిస్తే తెలుస్తుంది. ఆ సంగతులను మొదట సేకరించినవారెవరు? ఆ కథలో ఒక ఘట్టం మన ఇళ్లకు సమీపంలోనే మొదలైంది.

1854లో ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ అనే ఆంగ్లేయుడు సింగపూరుకు వచ్చాడు. అప్పటికి అతని వయస్సు 31 ఏళ్లు. బుకిట్ తిమా కొండ దగ్గర క్రైస్తవ గురువుల నివాసంలో బస చేసి, చుట్టుపక్కల అడవిలో తిరిగేవాడు. నేడు అక్కడి డైరీ ఫామ్ ప్రకృతి వనంలో అతని పేర ఒక విద్యాకేంద్రం ఉన్నది. ఆ రోజులలో అక్కడ పులులుండేవి. వాటిని పట్టడానికి తవ్విన గోతులపై ఆకులు కప్పి ఉంచేవారు. వాలెస్ వాటిలో పడబోయి తప్పించుకున్నాడు. నిజం చెప్పాలంటే అతడు ఇక్కడ ఎక్కువగా పట్టినవి పక్షులు కావు, పెంకుపురుగులు!

పక్షుల పని ఆ తరువాత ద్వీపాలలో పెరిగింది. ఆనాడు పక్షిని పరిశీలించాలంటే దానిని తుపాకితో కొట్టవలసిందే. ఈ మాట మనకు కష్టంగా తోస్తుంది. కాని నాడు ఛాయాచిత్రం తీసే సాధనాలు ఎగిరే పక్షిని పట్టలేవు. చర్మాన్ని ఈకలు చెదరకుండా ఒలిచి, పురుగు పట్టకుండా లోపల పాషాణం కలిపిన సబ్బు పూసి, దూది కూరి, కాలికి చీటీ కట్టేవారు. చీటీ మీద పక్షి దొరికిన చోటు వ్రాయాలి. ఆ చిన్న చీటీయే ప్రాణం. 1856లో వాలెస్ బాలి ద్వీపం నుండి పక్కనున్న లాంబాక్‌కు వెళ్లాడు. నడుమ ఉన్నది ఇరుకైన జలసంధి మాత్రమే. అయినా బాలిలో చూచిన పక్షులనేకం అక్కడ కానరాలేదు. బాలిలో లేని తెల్లని కాకతువ్వలు అక్కడ కనిపించాయి. ఆసియా జంతువులకూ ఆస్ట్రేలియా జంతువులకూ మధ్య ఎల్లగా నేటికీ పటాలపై గీసే ‘వాలెస్ రేఖ’ అట్లా పుట్టింది.

అయితే ఆ పక్షులన్నిటినీ వాలెస్ ఒక్కడే పట్టాడా? లేదు. 1855లో సారవాక్‌లో అలీ అనే మలయా బాలుడు అతని వద్ద పనికి చేరాడు. మొదట వంట చేశాడు. తరువాత తుపాకి కాల్చడం, చర్మం ఒలవడం నేర్చి గురువును మించాడు. వాలెస్ జ్వరంతో పడితే సేవ చేశాడు. వాలెస్ సేకరణలో పక్షులు 8,050. వాటిలో చాలా భాగం అలీ చేతిమీదుగా వచ్చినవే. 1858లో బచాన్ ద్వీపంలో ఒకనాడు అలీ నడుముకు పక్షులు వేలాడదీసుకొని వచ్చి, అందులో ఒకదానిని ఆశ్చర్యంతో చూపాడు. ఆకుపచ్చని రొమ్ము, ఒక్కొక్క రెక్క నుండి జెండాలవలె లేచే రెండు పొడవైన తెల్లని ఈకలు. అది శాస్త్రం ఎరుగని స్వర్గపక్షి! దానికి లండన్‌లో పెట్టిన పేరు మాత్రం వాలెస్‌ది.

మన తెలుగునేల మీద కూడా ఇట్టిదే జరిగింది. కడప ప్రాంతపు పొదలలో రాత్రివేళ తిరిగే కలివికోడిని జర్డన్ అనే సైనిక వైద్యుడు 1848 ప్రాంతంలో లోకానికి తెలిపాడు. ఆంగ్లంలో దానికి అతని పేరే నిలిచింది. 1900 తరువాత అది శాస్త్రజ్ఞులకు కనబడలేదు, అంతరించిందనుకున్నారు. 1986లో సిద్ధవటం వైపు మరల దొరికింది. చూపినవారు పక్షులు పట్టి బ్రతికే అక్కడి పల్లెవాసులు. వారికది ఎప్పుడూ కలివికోడే.

ఇక అలీ సంగతి. 1862లో వాలెస్ స్వదేశానికి మరలుతూ సింగపూరులోనే అలీకి ఫోటో తీయించి, డబ్బూ తుపాకులూ ఇచ్చి సాగనంపాడు. 1907లో థామస్ బార్బర్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు టెర్నేట్ ద్వీపంలో ఉండగా ఒక వృద్ధుడు ఎదురువచ్చి తన పేరు చెప్పాడు: ‘అలీ వాలెస్’.