జ్ఞాపకాల ఇంటికి పునాది వేసే జన్యువు

నిన్న కలిసిన మనిషి, ఇవాళ విన్న వార్త మనకు గుర్తుండాలంటే మెదడులో హిప్పోకాంపస్ అనే చిన్న భాగం సరిగా పనిచేయాలి. దీని ప్రాముఖ్యం 1953లో అమెరికాలో జరిగిన ఒక శస్త్రచికిత్సతో తెలిసివచ్చింది. తీవ్రమైన మూర్ఛవ్యాధి తగ్గించడానికి హెన్రీ మొలైసన్ అనే యువకుడి మెదడులో రెండు వైపులా ఈ భాగాన్ని చాలావరకు తొలగించారు. మూర్ఛలు తగ్గాయి. కానీ ఆ తర్వాత కలిసిన మనుషులు, జరిగిన సంఘటనలు ఆయనకు గుర్తుండేవి కావు. చిన్ననాటి సంగతులు మాత్రం చాలావరకు గుర్తున్నాయి.

మరి ఇంత కీలకమైన భాగం పిండదశలో ఎలా తయారవుతుంది? శరీరంలో దాదాపు ప్రతి కణంలోనూ ఒకే జన్యువులు ఉంటాయి. వాటిలో ఏవి, ఎప్పుడు పనిచేస్తాయన్నదాన్ని బట్టే ఏ కణం ఏమవుతుందో తేలుతుంది. కొన్ని జన్యువులు తయారుచేసే ప్రోటీన్లు ఇతర జన్యువులను నడిపిస్తాయి, లేదా ఆపుతాయి. ఎల్‌హెచ్‌ఎక్స్‌2 అటువంటిదే.

ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో శుభా తోలే బృందం ఎలుక పిండాల్లో ఈ జన్యువును పరిశీలించింది. కొన్ని కణాల్లో మాత్రమే దాన్ని తొలగిస్తే, అవి మెదడు పైపొరగా ఎదగలేదు. పక్క కణాలను హిప్పోకాంపస్‌గా మారమని సంకేతాలిచ్చే కణజాలంగా మారాయి. దాంతో మామూలుగా ఏర్పడని చోట్ల కూడా హిప్పోకాంపస్ రూపుదిద్దుకుంది. ఈ ఫలితాలు 2008లో వెలువడ్డాయి.

ఇదే జన్యువుకు మరో పని ఉందని 2011లో తేలింది. హిప్పోకాంపస్‌లోని మూలకణాలు మొదట నాడీకణాలను, తర్వాత వాటికి తోడ్పడే ఆస్ట్రోసైట్లను తయారుచేస్తాయి. ఎల్‌హెచ్‌ఎక్స్‌2 లేకపోతే ఈ మార్పు ముందే జరిగి నాడీకణాలు తగ్గుతాయి. దాని పని ఎక్కువైతే, ఆస్ట్రోసైట్లు తయారుకావలసిన సమయంలోనూ నాడీకణాలే పుడతాయి. అంటే జన్యువు ఉండటమే కాదు, తగిన వేళకు పనిచేయడం, తగిన వేళకు తప్పుకోవడం కూడా ముఖ్యమే.

అలాగని దీన్ని 'జ్ఞాపకశక్తి జన్యువు' అనడం సరికాదు. ఇది జ్ఞాపకాలను దాచుకోదు. అవి ఏర్పడే చోటును నిర్మించడంలో సాయపడుతుంది. ఆ తర్వాత నేర్చుకునే ప్రతి కొత్త విషయంతోనూ నాడీకణాల మధ్య సంధులు బలపడుతూ, బలహీనపడుతూ ఉంటాయి. నిద్ర, అభ్యాసం, ఆరోగ్యం, వయసు కూడా ఇందులో పాలుపంచుకుంటాయి. కాబట్టి ఒక్క జన్యువును చూసి పిల్లల జ్ఞాపకశక్తిని అంచనా వేయలేం.

ఎలుకల్లో కనిపించినదంతా మనుషులకు యథాతథంగా వర్తించదు. అయినా, అల్జీమర్స్ వ్యాధిలో తొలుత దెబ్బతినే భాగాల్లో హిప్పోకాంపస్ ఒకటి. పాడైన ఇంటిని బాగుచేయాలంటే, మొదట దాన్ని ఎలా కట్టారో తెలియాలి.