పద్నాలుగు వేల ఆరువందలు

మదనపల్లె

అమ్మీ,

నీ జాబు అందింది. కుప్పం పక్క పల్లె నుంచి వచ్చిన పెద్దామెకు కొడుకు యాక్సిడెంట్ కేసులో పరిహారం వచ్చిందనీ, అందులో పెద్ద భాగం ‘ఫీజు’ కింద ఆమె లాయరే తీసుకున్నాడనీ, ‘ఇతన్ని ఏ జడ్జి ముందర నిలబెట్టాలమ్మా’ అని ఆమె అడిగితే నీకు జవాబు తోచలేదనీ రాశావు. అందులో వింతేముంది? వృత్తి నీతి పేపరు అందరం పరీక్ష ముందు రాత్రి చదివిందే కదా.

ఏ జడ్జీ కాదు. మన బార్ అసోసియేషనూ కాదు. అసోసియేషన్ మనం చందాలు కట్టి నడుపుకునే సంఘం. ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడగలదు, మహా అయితే సభ్యత్వం తీసేయగలదు. ఒకరి ప్రాక్టీసు ఆపలేదు. రోల్‌లో పేరు రాసుకున్నది రాష్ట్ర బార్ కౌన్సిల్, కొట్టేయగలిగిందీ అదే. కోర్టుకు కోపం వస్తే ధిక్కారం కింద జైలుకు పంపవచ్చు. కానీ ధిక్కారానికి శిక్షగా సనదు సస్పెండ్ చేయడం తన పని కాదని సుప్రీంకోర్టే 1998లో చెప్పింది. అంతకు మూడేళ్ల ముందు ఒక సీనియర్ అడ్వొకేటు విషయంలో తాను చేసిన పనినే అలా దిద్దుకుంది.

ఫిర్యాదు రాసి, సంతకం చేసి, ప్లెయింటుకు పెట్టినట్టే వెరిఫికేషన్ పెట్టి, ఫీజు కట్టి అమరావతిలోని బార్ కౌన్సిల్‌కు పంపాలి. పంపిన ప్రతి కాగితమూ విచారణకు పోదు. తప్పు జరిగిందని నమ్మడానికి ఆధారం కనిపిస్తేనే 1961 అడ్వొకేట్ల చట్టం 35వ సెక్షన్ కింద కౌన్సిల్ దాన్ని క్రమశిక్షణ కమిటీకి అప్పగిస్తుంది. కమిటీలో ముగ్గురు: కౌన్సిల్ సభ్యులు ఇద్దరు, కౌన్సిల్‌లో లేని అనుభవజ్ఞుడైన అడ్వొకేటు ఒకరు. నోటీసు ఆ లాయరుకే కాదు, అడ్వొకేట్ జనరల్‌కూ వెళుతుంది. సాక్షులను పిలిపించడం, ప్రమాణం చేయించడం, కాగితాలు తెప్పించడం అన్నీ సివిల్ కోర్టు పద్ధతే. చివర్లో ఉన్నవి నాలుగే దారులు: ఫిర్యాదు కొట్టివేత, మందలింపు, కొంతకాలం సస్పెన్షన్, రోల్ నుంచి పేరు తొలగింపు. పోయిన డబ్బు వసూలు చేసిపెట్టడం ఈ కమిటీ పని కాదు. ఆ మాట ఆమెకు ముందే చెప్పు. లేకపోతే రేపు ఆమె దృష్టిలో నువ్వూ ఆ లాయరూ ఒకటే అవుతారు.

ఏడాదిలోగా తేల్చకపోతే కేసు ఢిల్లీలోని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు మారుతుందని చట్టంలో ఉంది. ఆలస్యాన్ని అరికట్టాలనే రాశారు. కానీ కుప్పం నుంచి అమరావతి పోవడానికే బస్సు చార్జీలు లెక్కపెట్టుకునే మనిషిని ఢిల్లీకి రమ్మనడం ఎవరికి మేలో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఇంకో నియమం మాత్రం నాకు నచ్చుతుంది. మధ్యలో లాయరు డబ్బు తిరిగిచ్చి రాజీ కుదుర్చుకున్నా, ఫిర్యాదు చేసిన మనిషే ‘నాకొద్దు’ అన్నా, ఆ ఒక్క కారణంతో విచారణ ఆపకూడదు. లోక్ అదాలత్‌లో చెల్లే మాట ఇక్కడ చెల్లదు.

ఇక తప్పును ఎలా తూస్తారన్నావు. ఉమ్మడి రాష్ట్రంలో జరిగిన ఒక కేసు చెబుతాను. పేరు రాయను; లా రిపోర్టులో ఉంది, నీకు కావలసింది పేరూ కాదు. ఒక లాయరు తన పార్టీ తరఫున ఈపీలో (డిక్రీ అమలు దరఖాస్తులో) వచ్చిన సొమ్మును విడతలుగా, మొత్తం 14,600 రూపాయలు తీసుకున్నాడు. పార్టీకి ఇవ్వలేదు. ఆంధ్రప్రదేశ్ బార్ కౌన్సిల్ కమిటీ అతని పేరు రోల్ నుంచి తీసేసింది. అతను ఢిల్లీకి అప్పీలు పోయాడు. ఇంటి ఇబ్బందుల్లో వాడుకున్నాడు, కాజేసే ఉద్దేశం లేదు అని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఆ ఉత్తర్వును పక్కన పెట్టింది. అప్పుడు ఆంధ్రప్రదేశ్ బార్ కౌన్సిలే సుప్రీంకోర్టుకెక్కింది. శిక్ష వేసిన సంస్థే అప్పీలు చేయవచ్చా అనే సందేహం నీకు రావాలి. చేయవచ్చని మహారాష్ట్ర బార్ కౌన్సిల్ కేసులో 1975లో ఏడుగురు జడ్జీలు తేల్చారు. ఈ 14,600 కేసులో 2002లో సుప్రీంకోర్టు పేరు తొలగింపును మళ్లీ నిలబెట్టింది.

అంత చిన్న మొత్తానికి బతుకుతెరువే తీసేస్తారా అని మన వాళ్లు అప్పట్లోనే కాదు, ఇప్పుడూ అంటారు. ఆ ప్రశ్నే తప్పు దారిది. పార్టీ తరఫున చేతికొచ్చిన డబ్బు ఒక్కరోజు కూడా నీది కాదు. దాన్ని అప్పుగా మార్చుకునే ఏర్పాటు కూడా చేసుకోకూడదని బార్ కౌన్సిల్ నియమాల్లోనే ఉంది. ఇబ్బంది ఉంటే వడ్డీకి తెచ్చుకోవాలి గానీ ‘వాడుకుని ఇద్దాంలే’ అనే మాటకు చోటు లేదు. కమిటీ తూచేది నమ్మకాన్ని, మొత్తాన్ని కాదు. అయితే శిక్షల్లో ఒక వరస ఉందని మాత్రం అనుకోకు. దాదాపు ఇదే రకం పనికి, పార్టీల సొమ్ము తీసుకుని అప్పజెప్పని ఒక ఆంధ్ర అడ్వొకేటుకు హైకోర్టు వేసిన అయిదేళ్ల సస్పెన్షన్‌నే 1963లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. (ఆ ఫిర్యాదు 1926 బార్ కౌన్సిళ్ల చట్టం కాలం నాటిది; అప్పట్లో శిక్ష హైకోర్టు చేతిలో ఉండేది.) ఒకరికి అయిదేళ్లు, ఒకరికి జీవితాంతం. ఈ తేడాకు సరైన కొలత మన వ్యవస్థలో లేదు, ఉండాలని నా అభిప్రాయం.

వాయిదా మరిచిపోవడం, గడువు లెక్క తప్పడం వేరు. ఉత్త అజాగ్రత్త అయితే, బుద్ధి వంకర లేనిదే దాన్ని వృత్తి దుష్ప్రవర్తన అనరు. రుజువు కూడా క్రిమినల్ కేసులో అడిగినంత గట్టిగా కావాలి. సందేహం మిగిలితే లాభం లాయరుదే. మనవాణ్ణి మనవాళ్లే కాపాడుకుంటారని బయటివాళ్లు అనుకోవడానికి ఇదొక కారణం. పూర్తిగా అన్యాయమైన అనుమానమూ కాదు.

పెద్దామె సంగతికి దగ్గరది తెలంగాణ నుంచి సుప్రీంకోర్టుకు పోయిన కేసు. భర్తను ప్రమాదంలో పోగొట్టుకున్న ఒకావిడ దగ్గర లాయరు పరిహారంలో పర్సంటేజీ లెక్కన ఫీజు అడిగాడు. చెక్కు రాయించుకున్నాడు. అది బౌన్సయితే ఆమె మీదే కేసు వేశాడు. 2017 డిసెంబరు 5న సుప్రీంకోర్టు ఆ చెక్కు కేసును కొట్టేసింది. వచ్చే సొమ్ములో వాటా ఫీజుగా అడగడమే దుష్ప్రవర్తన అంది. యాక్సిడెంట్ కేసుల్లో ‘ఇంత పర్సంటేజీ’ అని మాట్లాడుకోవడం మామూలైపోయింది. మామూలైనంత మాత్రాన నియమం మారలేదు. నీ దగ్గరికి అలా వచ్చే బ్రోకర్లను గుమ్మం దగ్గరే పంపించెయ్యి.

జూనియర్‌వి కాబట్టి ఇది కూడా. ‘అమ్మా, ఇక్కడొక సంతకం పెట్టు’ అని గుమాస్తా అఫిడవిట్ తెస్తాడు. ప్రమాణం చేయాల్సిన మనిషి కంటికి కనపడడు. అలా తన ముందు ప్రమాణం చేయని అఫిడవిట్‌ను ధ్రువీకరించిన హైదరాబాదు అడ్వొకేటుకు 1984లో సుప్రీంకోర్టు అయిదేళ్ల సస్పెన్షన్ వేసింది.

ఇప్పుడు చేయవలసింది. వకాలత్ కాపీ తెప్పించి లాయరు ఎన్‌రోల్‌మెంట్ నంబరు చూడు. కుప్పం కోర్టుకు అటు కర్ణాటక నుంచీ ఇటు తమిళనాడు నుంచీ లాయర్లు వస్తారు. తప్పు ఎక్కడ జరిగిందని కాదు, పేరు ఏ రాష్ట్ర రోల్‌లో ఉందో ఆ బార్ కౌన్సిల్‌కే ఫిర్యాదు పోవాలి. బెంగళూరు అయితే అక్కడికి, చెన్నై అయితే అక్కడికి. అవార్డు సర్టిఫైడ్ కాపీ, ఆమె బ్యాంకు స్టేట్‌మెంటు, చెక్కు ఎవరి పేరిట మారిందో ఆ వివరం దగ్గర పెట్టుకో. ఆమె చెప్పింది ఆమె మాటల్లోనే తెలుగులో రాసి, చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకం చేయించు. పంపేముందు ఒకసారి నాకు చూపించు, ఆదివారం ఇంట్లోనే ఉంటాను.

మీ మామ