భూగోళ పర్యావరణ పరివర్తన – పరిశోధనా ధోరణులు

పర్యావరణమనగా మన చుట్టునున్న గాలి, నీరు, నేల, ప్రాణికోటి. వీటిలో మార్పు ప్రకృతి సహజమే. కాని మానవుని చేతల వలన భూగోళమంతటా కలుగుచున్న మార్పును శాస్త్రజ్ఞులు ఏ మార్గాన తెలుసుకొన్నారో ఈ వ్యాసంలో స్థూలంగా పరిశీలిద్దాము.

మొదటిది ప్రయోగ, గణనల దశ. నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడ్, ఉష్ణాన్ని పీల్చుకొనునని 1859లో టిండాల్ ప్రయోగపూర్వకంగా నిరూపించెను. ఈ వాయువు రెట్టింపైనచో భూతాపము 5, 6 డిగ్రీలు హెచ్చగలదని 1896లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు అర్హీనియస్ చేతిలెక్కలతోనే అంచనా వేసెను.

రెండవది కొలతల దశ. 1958లో చార్లెస్ కీలింగ్ హవాయి దీవులలోని మౌనాలోవా పర్వతముపై గాలిని కొలువనారంభించెను. నాడు పది లక్షల పాళ్ల గాలిలో సుమారు 315 పాళ్లున్న ఈ వాయువు, 2024 నాటికి సగటున 424 పాళ్లు దాటినది. 1964లో ధనాభావము వలన ఈ కొలతలు కొంతకాలము ఆగిపోయినవి. తిరిగి ప్రారంభము కాకుండినచో నేడు మనకీ సాక్ష్యమే ఉండెడిది కాదు. పరిశోధనలో మేధాశక్తికి ఎంత విలువయో, విసుగులేని ఓర్పుకు కూడ అంతే విలువ.

మూడవది గతమును చదువుట. అంటార్కిటికా మంచుపొరలలో చిక్కుకొన్న గాలిబుడగలను పరీక్షింపగా, పారిశ్రామిక యుగమునకు పూర్వము ఎనిమిది లక్షల సంవత్సరాలలో ఈ వాయువు ఏనాడూ 300 పాళ్లను మించి స్థిరపడలేదని తేలినది.

నాల్గవది సమష్టి కృషి. ఫ్రిజ్‌లలో వాడెడి క్లోరోఫ్లోరోకార్బన్లు ఓజోను పొరను హరించునని 1974లో మోలీనా, రోలండ్ హెచ్చరించిరి. 1985లో బ్రిటిషు పరిశోధకులు అంటార్కిటికాపై ఆ పొర పలుచబడుటను వెల్లడించిరి. రెండేండ్లలోనే, 1987లో, మాంట్రియల్ ఒప్పందము కుదిరినది. నేడు ఆ పొర కోలుకొనుచున్న సూచనలు కనిపించుచున్నవి. శాస్త్రవాక్యమును ప్రభుత్వాలు మన్నించినచో కలిగెడి ఫలితమిది. కాని బొగ్గు, చమురుల వాడకము మన జీవనమంతటా అల్లుకొన్నందున భూతాప సమస్య ఇంత సులభముగా పరిష్కారము కాలేదు. 1988లో ఏర్పడిన అంతర్ ప్రభుత్వ సంఘము 1995లో మానవ ప్రభావము కనిపించుచున్నదని జాగ్రత్తగా పలికినది. 2021లో అది నిస్సందేహమని ప్రకటించినది.

ఇటీవలి ధోరణి ఇంకొక అడుగు ముందుకు సాగినది. 2003లో ఐరోపాలో వీచిన వడగాడ్పుల వంటి విపత్తు సంభవించు అవకాశమును మానవ చర్యలు కనీసము రెట్టింపు చేసినవని 2004లో జరిగిన పరిశోధన తేల్చినది. ఎవరి పొగ, ఎవరి పంట, ఎవరి ప్రాణము అను ప్రశ్నలు ఇప్పుడు ప్రయోగశాలలోనికి ప్రవేశించినవి. కనుక భౌతిక శాస్త్రముతోపాటు అర్థశాస్త్ర, సమాజశాస్త్ర విద్యార్థులకు కూడ ఇందు పాత్ర కలదు.

వడదెబ్బ మొదట తగిలెడిది ఎండలో పనిచేయు కూలికి, రైతుకు. వారికి ఈ విజ్ఞానము వారి భాషలోనే అందవలయును. తెలుగు, ఉర్దూ రెండును నేర్చిన మన విద్యార్థులు ఈ కర్తవ్యమునకు పూనుకొందురని ఆశించుచున్నాము.